తెరిచినప్పుడే దిగే సాఫ్ట్‌వేర్: వర్చువల్ ఫైల్‌సిస్టమ్ ద్వారా ప్యాకేజీల పంపిణీ

కంప్యూటర్లో ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడానికి మనందరికీ అలవాటైన క్రమం ఒకటుంది. ముందుగా ప్యాకేజీ పేరు తెలియాలి, ఆ పేరుతో ప్యాకేజీ మేనేజర్‌ను అడగాలి. అది ఏయే ఇతర ప్యాకేజీలు అవసరమవుతాయో లెక్కగట్టి, అన్నిటినీ పూర్తిగా డౌన్‌లోడ్ చేసి, డిస్కు మీద పరిచి, ఆ తర్వాతే ప్రోగ్రామును నడపనిస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసే పద్ధతి ఒకటి ఇరవై ఏళ్లకు పైగా రకరకాల రూపాల్లో నడుస్తోంది. అందుబాటులో ఉన్న ప్యాకేజీలన్నీ ఇప్పటికే మన డిస్కు మీద ఉన్నట్టు చూపించే ఒక డైరెక్టరీని ముందు నిలబెట్టడం, ఏదో ఒక ప్రోగ్రాము అందులోని ఫైలును తెరిచినప్పుడు మాత్రమే ఆ ఫైలును నెట్‌వర్క్ మీదుగా తెచ్చి చేతికివ్వడం ఇందులోని ఆలోచన. వాడుకరి వైపు నుంచి చూస్తే ఇన్‌స్టాల్ అనే ఘట్టమే ఉండదు. ఇది వినగానే నెట్‌వర్క్ వేగం గురించిన సందేహాలే ముందుగా మనసులోకి వస్తాయి. కానీ ఈ పద్ధతి ఎక్కడ నిలిచింది, ఎక్కడ విఫలమైంది అని పరిశీలిస్తే తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉందని అర్థమవుతుంది: ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి ఉండడమంటే, ఎన్నటికీ మారని కొన్ని ఫైళ్లు ఎన్నటికీ మారని ఒక చోట ఉండడమేనా, లేక అంతకు మించి ఇంకేదైనా జరగాలా?

ముందుగా యంత్రాంగం. లినక్స్‌లో ఏ ప్రోగ్రామైనా ఫైలును తెరవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌ను అడగవలసిందే. కెర్నల్‌లో అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉమ్మడి ముఖద్వారంగా వీఎఫ్ఎస్ అనే పొర ఉంటుంది. అడిగిన దారి ఏ మౌంట్ కిందికి, అంటే ఏ ఫైల్‌సిస్టమ్‌ను తగిలించిన డైరెక్టరీ కిందికి వస్తుందో చూసి, ఆ మౌంట్ బాధ్యత వహించే ఫైల్‌సిస్టమ్‌కు ఈ పొర అభ్యర్థనను అప్పగిస్తుంది. ఆ ఫైల్‌సిస్టమ్ డిస్కు నుంచి చదువుతుందా, మరో యంత్రాన్ని అడుగుతుందా, అప్పటికప్పుడు కల్పించి చెబుతుందా అన్నది అడిగిన ప్రోగ్రాముకు తెలియదు. 2005లో 2.6.14 కెర్నల్‌తో లినక్స్‌లో చేరిన ఫ్యూజ్ ఈ ఏర్పాటును మరో మెట్టు ముందుకు తీసుకువెళ్లింది. ఫ్యూజ్ కింద మౌంట్ చేసిన డైరెక్టరీకి వచ్చే ప్రతి అభ్యర్థననూ కెర్నల్ ఒక ప్రత్యేక పరికర ఫైలు ద్వారా బయట నడుస్తున్న మామూలు ప్రోగ్రాముకు పంపుతుంది, అది జవాబిచ్చేదాకా అడిగిన ప్రోగ్రామును నిద్రలో ఉంచుతుంది. దీనివల్ల కెర్నల్ కోడ్ రాయనక్కరలేకుండానే, మామూలు ప్రోగ్రాము రాయగలిగిన వారెవరైనా ఫైల్‌సిస్టమ్ తయారు చేయగలుగుతున్నారు. అడిగిన ప్రోగ్రాముకు ఏమీ తెలియకపోవడమే ఈ పద్ధతికి బలం, ఎందుకంటే ఏ పాత ప్రోగ్రామునూ మార్చకుండానే అది కొత్త ఏర్పాటు మీద నడుస్తుంది. అయితే ఇబ్బందులు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ పద్ధతి అత్యంత విస్తృతంగా, అత్యంత కఠినమైన పరిస్థితుల్లో నడుస్తున్న చోటు జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్. అక్కడ కణాలను ఢీకొట్టించే యంత్రమైన లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లోని అట్లాస్, సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ, ఆలిస్ ప్రయోగాల దత్తాంశాన్ని 40కి పైగా దేశాల్లో ఉన్న సుమారు 170 కంప్యూటింగ్ కేంద్రాలు విశ్లేషిస్తాయి. ఒక్కో ప్రయోగానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాని ఒక్కో విడుదలలో వేల లైబ్రరీలు, పైథాన్ మాడ్యూళ్లు, పట్టికలు కలిసి అనేక గిగాబైట్లు అవుతాయి. కొత్త విడుదలలు తరచుగా వస్తూనే ఉంటాయి, పాతవాటిని తీసేయడానికీ వీలులేదు, ఎందుకంటే కొన్నేళ్ల కిందటి ఫలితాన్ని మళ్లీ సరిచూడాలంటే అప్పటి విడుదలే కావాలి. తొలిరోజుల్లో ప్రతి కేంద్రంలోనూ ఉమ్మడి డిస్కు మీద ఒక భాగాన్ని కేటాయించి, అందులో విడుదలను ఇన్‌స్టాల్ చేయడానికే ప్రత్యేక జాబ్‌లను (కంప్యూటర్‌కు అప్పగించే పనులను) ఈ కేంద్రాలను కలిపే గ్రిడ్ మీదుగా పంపేవారు. కొన్ని కేంద్రాల్లో ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయేది, కొన్నిటిలో పాత విడుదలే మిగిలిపోయేది. అన్నీ సరిగ్గా ఉన్నచోట కూడా వందల జాబ్‌లు ఒకేసారి మొదలై, వేల చిన్న ఫైళ్ల కోసం ఒకే డిస్కు సర్వర్ మీద పడితే అది ఊపిరాడక నిలిచిపోయేది.

2008 ప్రాంతంలో సెర్న్‌లోని సెర్న్‌వీఎం ప్రాజెక్టు దీనికి పరిష్కారంగా సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్‌ను తయారు చేసింది. దీని మూలం అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్యారట్ అనే సాధనంలోని గ్రో-ఎఫ్ఎస్‌లో ఉంది. ఆ తర్వాత యాకోబ్ బ్లోమర్, ఆయన సహచరులు దాన్ని ఫ్యూజ్ మీద తిరిగి నిర్మించారు. వారు గమనించిన విషయాలు పైకి చాలా మామూలువి. ఒక జాబ్ తన జీవితకాలంలో మొత్తం విడుదలలో కొద్ది భాగాన్నే తాకుతుంది. ఒకసారి ప్రచురించిన ఫైలు ఇక మారదు. ఒక విడుదలకూ తర్వాతి విడుదలకూ మధ్య ఎక్కువ ఫైళ్లు అక్షరం తేడా లేకుండా అవే ఉంటాయి. చదివేవారు వేలల్లో ఉంటారు, రాసేది మాత్రం ఒక్కచోటి నుంచే. మామూలు నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్ ఎవరు ఎప్పుడు రాస్తారో తెలియని పరిస్థితికి సిద్ధంగా ఉండాలి కనుక తాళాలు, కాష్ (దగ్గర దాచుకునే నకళ్ల నిల్వ) పొందికలు, సమన్వయ సందేశాలతో బరువెక్కుతుంది. రాయడం అనే పనిని వాడుకరి వైపు నుంచి పూర్తిగా తీసేస్తే ఆ బరువంతా దిగిపోతుంది.

సర్వర్ వైపు ఫైళ్లు తమ పేర్లతో ఉండవు. ప్రతి ఫైలునూ కుదించి, కుదించిన దత్తాంశానికి హ్యాష్ (లోపలి సమాచారాన్ని బట్టి వచ్చే వేలిముద్ర వంటి సంఖ్య) లెక్కగట్టి, ఆ హ్యాష్‌నే దానికి పేరుగా పెట్టి భద్రపరుస్తారు. ఒకే సమాచారం ఉన్న ఫైలు పది విడుదలల్లో ఉన్నా హ్యాష్ ఒకటే కనుక నిల్వ ఉండేది ఒక్క ప్రతి. వాడుకరి యంత్రంలోని కాష్ కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది కనుక, నిన్నటి విడుదల కోసం దిగిన లైబ్రరీ ఈరోజు కొత్త విడుదలలోనూ అదే అయితే, డౌన్‌లోడ్ అవసరం లేకుండా అక్కడి నుంచే అందుతుంది. దీనికి మరో ఫలితం కూడా ఉంది. హ్యాష్ పేరుతో ఉన్న వస్తువు ఎప్పటికీ మారదు కాబట్టి దాన్ని ఎవరు ఎంతకాలం కాష్‌లో పెట్టుకున్నా పాతబడుతుందన్న భయం ఉండదు. అందుకే రవాణాకు కొత్త ప్రోటోకాల్ ఏదీ కనిపెట్టకుండా మామూలు హెచ్‌టీటీపీనే వాడగలిగారు. వెబ్ పేజీల కోసం తయారైన స్క్విడ్ వంటి ప్రాక్సీని (మధ్యలో ఉండి నకళ్లు దాచి ఇచ్చే సర్వర్‌ను) కంప్యూటింగ్ కేంద్రం ముందు పెడితే, వేయి యంత్రాలు ఒకే ఫైలును అడిగినా బయటి నెట్‌వర్క్ మీదుగా అది ఒక్కసారే వస్తుంది.

ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఫైళ్ల రవాణా కాదు, ఫైళ్ల వివరాల నిర్వహణ. పైథాన్ ప్రోగ్రాము ఒక మాడ్యూలును దిగుమతి చేసుకోమంటే, ఇంటర్‌ప్రెటర్ తన వెతుకులాట జాబితాలోని ఒక్కో డైరెక్టరీలో అది ఉందా అని చూసుకుంటూ పోతుంది. లైబ్రరీలను జతచేసే డైనమిక్ లింకర్ కూడా అంతే. ఈ ప్రశ్నల్లో అత్యధిక భాగానికి వచ్చే సమాధానం "లేదు". డిస్కు మీద ఈ "లేదు"కు ఖర్చు దాదాపు శూన్యం. కానీ సర్వర్‌కు వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పట్టే దూరంలో ఉన్నామనుకుని, ఒక ప్రోగ్రాము మొదలు కావడానికి 2,000 సార్లు "లేదు" అనిపించుకోవాలనుకుంటే, పని ఒక్క అడుగు కదలకముందే 200 సెకన్లు గడిచిపోతాయి. ఫైలు అడిగినప్పుడల్లా సర్వర్‌ను అడిగేలా ఎవరైనా వారాంతంలో రాసిన ఫ్యూజ్ ఫైల్‌సిస్టమ్ మొదటి పరీక్షలో బాగానే కనిపించి, అసలు ప్రోగ్రాము నడిపినప్పుడు కూలబడిపోవడానికి కారణం ఇదే.

సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్ దీనికి క్యాటలాగ్‌లను వాడుతుంది. క్యాటలాగ్ అంటే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు. ఒక డైరెక్టరీ కింద ఉన్న అన్ని ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, అనుమతులు, హ్యాష్‌లు అందులో ఉంటాయి. దాన్ని ఒక్కసారి దించుకున్నాక, ఆ భాగం గురించిన ప్రశ్నలన్నిటికీ యంత్రంలోనే జవాబు దొరుకుతుంది. కొట్లో సరుకు లేకపోయినా సరుకుల చిట్టా చేతిలో ఉంటే ఏది దొరుకుతుందో, ఏది దొరకదో గోదాముకు మనిషిని పంపకుండానే చెప్పగలిగినట్టు, "ఉంది" అన్న జవాబుతో పాటు "లేదు" అన్న జవాబూ నెట్‌వర్క్ తాకకుండానే వస్తుంది. లక్షల ఫైళ్లున్న భండారానికి ఒకే క్యాటలాగ్ ఉంటే అదే ఒక పెద్ద డౌన్‌లోడ్ అవుతుంది కనుక, ఉపక్యాటలాగ్‌లుగా విడగొడతారు. ఒక్కో విడుదల డైరెక్టరీకి ఒక్కో క్యాటలాగ్ చొప్పున కోస్తే, ఒక విడుదలను వాడే జాబ్ మిగతా విడుదలల వివరాల జోలికి పోనక్కరలేదు. మరీ చిన్నగా కోస్తే క్యాటలాగ్‌ల కోసమే పదేపదే తిరగాలి, మరీ పెద్దగా ఉంచితే అనవసరపు భారం మోయాలి. ఎక్కడ కోయాలో నిర్ణయించేది ప్రచురించే వ్యక్తి. ఆ నిర్ణయానికి తన సాఫ్ట్‌వేర్‌ను జనం ఎలా వాడతారో తెలిసి ఉండాలి, ఏ సాధనమూ దాన్ని పూర్తిగా తనంతట తాను చేయలేదు.

దారిలో ఎవరైనా ఫైలు మార్చేస్తే ఏమిటన్న ప్రశ్న సహజం, ముఖ్యంగా రవాణా సాదా హెచ్‌టీటీపీ మీద, మధ్యలో ఎవరిదో ప్రాక్సీ ద్వారా జరుగుతున్నప్పుడు. ఫైలు హ్యాష్ క్యాటలాగ్‌లో ఉంటుంది, ఉపక్యాటలాగ్ హ్యాష్ పై క్యాటలాగ్‌లో ఉంటుంది, మూల క్యాటలాగ్ హ్యాష్ ఒక చిన్న మ్యానిఫెస్ట్ ఫైలులో ఉంటుంది, ఆ మ్యానిఫెస్ట్ మీద ప్రచురణకర్త డిజిటల్ సంతకం ఉంటుంది. కనుక ఆ ఒక్క సంతకాన్ని సరిచూస్తే, కింద ఉన్న కోట్ల ఫైళ్లలో ఏదైనా చేతికి వచ్చినప్పుడు దాని హ్యాష్‌ను మళ్లీ లెక్కగట్టి అసలైనదో కాదో తేల్చవచ్చు. సంతకం చేసే ధ్రువపత్రాలు ఏవో తెలిపే జాబితాకు కూడా విడిగా సంతకం ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. ఈ ఏర్పాటు ఇచ్చేది సమగ్రత మాత్రమే, గోప్యత కాదు. బహిరంగ సాఫ్ట్‌వేర్ పంపిణీలో ప్రాక్సీలు కాష్ చేయగలగడం ఎంతో ముఖ్యం కనుక ఈ ఎంపిక సబబైనదే.

ప్రచురణ ఒక్కచోటే జరుగుతుంది. ఆ యంత్రాన్ని స్ట్రాటమ్ 0 అంటారు. అక్కడ లావాదేవీ తెరిచినప్పుడు, చదవడానికి మాత్రమే వీలున్న భండారం మీద ఓవర్‌లే-ఎఫ్ఎస్ వంటి పొర ఒకటి పరచుకుని రాయడానికి వీలవుతుంది. పని ముగించి ప్రచురించినప్పుడు మారిన ఫైళ్లు మాత్రమే కుదింపు, హ్యాష్ దశలు దాటి నిల్వలోకి చేరతాయి, కొత్త క్యాటలాగ్‌లు తయారవుతాయి, చివరికి కొత్త మ్యానిఫెస్ట్ పాతదాని స్థానంలోకి వస్తుంది. ఆ చివరి మార్పు జరిగేదాకా బయటి ప్రపంచానికి ఏదీ కనిపించదు కనుక, సగం ఇన్‌స్టాల్ అయిన స్థితి అనేది ఉండదు. స్ట్రాటమ్ 1 అనే నకలు సర్వర్లు వేర్వేరు ఖండాల్లో ఉంటాయి. వాడుకరి యంత్రాలు వాటి నుంచే చదువుతాయి, కాబట్టి స్ట్రాటమ్ 0 కొంతసేపు ఆగినా చదివేవారికి తెలియదు.

ఇప్పుడు మొదట్లో వేసుకున్న ప్రశ్నకు వద్దాం. డెబియన్ అనే లినక్స్ పంపిణీలోని ప్యాకేజీని విప్పి చూస్తే ఫైళ్లతో పాటు ఇన్‌స్టాల్‌కు ముందూ తర్వాతా నడవవలసిన స్క్రిప్టులు కూడా కనిపిస్తాయి. ఒకటి కొత్త వాడుకరి ఖాతాను సృష్టిస్తుంది, మరొకటి సర్వీసును ప్రారంభిస్తుంది, ఇంకొకటి ఫాంట్ల జాబితానో, బూట్ ఇమేజ్‌నో తిరిగి తయారు చేస్తుంది. ఇవన్నీ రూట్ అధికారంతో (నిర్వాహకుని పూర్తి అధికారంతో), ఒక నిర్దిష్ట క్షణంలో జరిగే సంఘటనలు. ఫైలు చదవమన్న అభ్యర్థనలో వీటికి చోటు లేదు. సాధారణ వాడుకరి ఒకరు కేవలం ఒక ఫైలును తెరిచి చూసినందుకు యంత్రంలో రూట్ అధికారంతో స్క్రిప్టు నడవడాన్ని ఏ నిర్వాహకుడూ అంగీకరించకూడదు.

అయినా ఆ ప్రయత్నమూ జరిగింది. డెబియన్‌లో ఆటో-ఆప్ట్ అనే సాధనం ఉండేది. అది ప్రోగ్రాము ఫైలు అభ్యర్థనలను ఎల్‌డీ-ప్రీలోడ్ ఉపాయంతో (ప్రోగ్రాములోకి ముందుగా తన లైబ్రరీని జొప్పించి) మధ్యలో అందుకుని, అడిగిన ఫైలు లేకపోతే అది ఏ ప్యాకేజీలో ఉందో పట్టికలో చూసి, ఆ ప్యాకేజీని అక్కడికక్కడే ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత ప్రోగ్రామును ముందుకు సాగనిచ్చేది. మూల కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ నిర్మించేటప్పుడు ఏ హెడర్ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో వెతుక్కునే బాధ దీనితో తప్పేది, ఆ సౌకర్యం నిజమైనదే. కానీ నిర్మాణానికి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్టు చేసే పనేమిటో ఆలోచించాలి. అది యంత్రంలో ఏముందో, ఏం లేదో పరీక్షించి, ఉన్నవాటిని బట్టి ప్రోగ్రాము రూపాన్ని నిర్ణయిస్తుంది. అడిగిన ప్రతిదీ అడిగిన వెంటనే ప్రత్యక్షమయ్యే యంత్రంలో ఆ స్క్రిప్టు ఐచ్ఛికంగా అడిగిన ప్రతి లైబ్రరీనీ "ఉంది" అని రాసుకుంటుంది, అక్కరలేని ఆధారాలన్నిటినీ ప్రోగ్రాముకు అంటగడుతుంది. ఒక ఫైలు లేకపోవడం కూడా ప్రోగ్రాములు ఆధారపడే సమాచారమే. అడిగితే పుట్టే ఫైల్‌సిస్టమ్ ఆ సమాచారాన్ని చెరిపేస్తుంది. సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్ ఈ చిక్కులో పడకపోవడానికి కారణం, అందులో ఏం ఉందన్నది ప్రచురణ సమయంలోనే స్థిరపడిపోవడం. అడగడం వల్ల ఫైలు దిగుతుందే గాని కొత్తగా పుట్టదు. వాడుకరికి కావలసిన విడుదల తప్ప మరేదీ వెతుకులాట దారిలోకి రాకుండా ఆ విడుదల డైరెక్టరీనే ఎంచుకుంటారు.

2003లో థామస్ లియోనార్డ్ మొదలుపెట్టిన జీరో ఇన్‌స్టాల్ ఇదే దిశలో తొలి సాహసాల్లో ఒకటి. అన్నిటికీ పైనున్న మూల డైరెక్టరీ కింద ఒక స్థిరమైన డైరెక్టరీ, దాని కింద వెబ్‌సైట్ డొమైన్ పేరే డైరెక్టరీగా ఉండేలా రూపొందించి, ఆ దారిని నడిస్తే చాలు సాఫ్ట్‌వేర్ దిగేలా చేశారు. పేర్లు ఢీకొనే సమస్య డొమైన్‌లతోనే తీరిపోయింది. అయితే అది లేజీ-ఎఫ్ఎస్ అనే సొంత కెర్నల్ మాడ్యూలు మీద ఆధారపడింది. కెర్నల్ మాడ్యూలు కావాలంటే నిర్వాహకుని అనుమతి కావాలి, కెర్నల్ మారినప్పుడల్లా దాన్నీ సరిచేయాలి. కొద్దికాలానికే ఆ ప్రాజెక్టు ఫైల్‌సిస్టమ్‌ను వదిలి, కావలసిన వెర్షన్లను ఎంచి, హ్యాష్ పేరుతో ఉన్న కాష్ డైరెక్టరీలో దించి, వాటితో ప్రోగ్రామును నడిపే ఇంజెక్టర్ పద్ధతికి మారింది. ఫ్యూజ్ రెండేళ్లు ముందు వచ్చి ఉంటే ఆ కథ వేరుగా ఉండేదేమోనని నాకు తరచుగా అనిపిస్తుంది.

నిక్స్, గిక్స్ ప్యాకేజీ మేనేజర్లు ఫైల్‌సిస్టమ్ ఊసెత్తకుండానే పునాది సమస్యను పరిష్కరించాయి. వాటిలో ప్రతి ప్యాకేజీ ఒకే స్టోర్ డైరెక్టరీ కింద, తాను తయారైన ముడిసరుకులన్నిటి హ్యాష్‌ను పేరులో చేర్చుకున్న సొంత డైరెక్టరీలో ఉంటుంది. దానికి కావలసిన లైబ్రరీల పూర్తి దారులు ప్రోగ్రాములోనే రాసి ఉంటాయి. ఒకసారి తయారైన డైరెక్టరీ మారదు. అంటే అక్కడ ఒక ప్యాకేజీ స్టోర్‌లో ఉండడానికి ఫైళ్లు తమ చోట ఉండడం తప్ప మరేదీ అక్కరలేదు, కాబట్టి అటువంటి స్టోర్‌ను నెట్‌వర్క్ మీద నిలిపే ఫైల్‌సిస్టమ్ కింద పెట్టడం సూత్రరీత్యా నేరుగా కుదురుతుంది. దీని ధరను కూడా చూడాలి. నిక్స్ మీద నిర్మించిన నిక్స్‌ఓఎస్‌లో మామూలు లినక్స్ స్క్రిప్టులు ఆశించే చోట్లలో చాలా ఇంటర్‌ప్రెటర్లు ఉండవు. ఈ లోటు తీర్చడానికి ఎన్‌వ్-ఎఫ్ఎస్ అనే ఫ్యూజ్ ఫైల్‌సిస్టమ్ తయారైంది. ఎవరైనా ప్రోగ్రాము ఆ పాత దారిని అడిగితే, అడిగిన ప్రాసెస్ తాలూకు పాత్ చరరాశిని (ప్రోగ్రాముల కోసం వెతకవలసిన డైరెక్టరీల జాబితాను) చదివి, అందులో ఆ పేరుతో దొరికిన ప్రోగ్రామును చూపిస్తుంది. ఒకే దారి, అడిగినవారిని బట్టి వేర్వేరు సమాధానం.

అడిగినవారిని బట్టి సమాధానం మార్చడం మరో చోట మరింత ఉపయోగకరంగా కనిపిస్తుంది. శాస్త్రీయ గణనల్లో ఒకే సోర్స్‌ను వేర్వేరు ప్రాసెసర్ల కోసం వేర్వేరుగా కంపైల్ చేస్తే వేగంలో పెద్ద తేడా వస్తుంది. యూరప్‌లో సహకార పద్ధతిలో నడుస్తున్న ఈసీ ప్రాజెక్టు సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్ మీద ఇదే పని చేస్తోంది. కింద జెంటూ ప్రిఫిక్స్ అనే సాధనంతో నిర్మించిన అనుకూలత పొర ఉంటుంది, అందువల్ల యంత్రంలో ఏ లినక్స్ పంపిణీ ఉన్నా సాఫ్ట్‌వేర్‌కు దానితో పట్టింపు ఉండదు. దాని పైన ఈజీబిల్డ్ అనే నిర్మాణ సాధనంతో ఒక్కో ప్రాసెసర్ కుటుంబానికి విడివిడిగా నిర్మించిన ప్యాకేజీలు ఉంటాయి. ప్రారంభ స్క్రిప్టు ప్రాసెసర్‌ను గుర్తుపట్టి సరైన శాఖను ఎంచుతుంది, మిగతా శాఖల ఫైళ్లలో ఒక్కటి కూడా ఆ యంత్రానికి దిగదు. అందరికీ అన్నీ పంపే పద్ధతిలో ఇన్ని ప్రతులు నిర్మించడం వృథా అనిపిస్తుంది. అడిగినవే దిగే పద్ధతిలో ప్రచురణకర్త నిల్వ తప్ప వేరే ఖర్చు లేదు. కెనడా జాతీయ పరిశోధన కంప్యూటింగ్ వ్యవస్థ కూడా తన సాఫ్ట్‌వేర్‌ను ఈ విధంగానే అందిస్తుంది. మొదట్లో అక్కడ అనుకూలత పొరకు నిక్స్ వాడి, తర్వాత జెంటూ ప్రిఫిక్స్‌కు మారారు.

ప్రోగ్రామునూ దానికి కావలసిన ఫైళ్లన్నిటినీ ఇమేజ్ అనే ఒక్క మూటగా కట్టి నడిపే కంటైనర్ల ప్రపంచం ఇదే సమస్యను వేరే వైపు నుంచి చేరుకుంది. 2016లో నిల్వ వ్యవస్థల మీద జరిగే ఫాస్ట్ సదస్సులో సమర్పించిన స్లాకర్ పరిశోధనా పత్రం, కంటైనర్ మొదలు కావడానికి పట్టే సమయంలో 76 శాతం ఇమేజ్ డౌన్‌లోడ్‌కే పోతోందని, దిగిన దత్తాంశంలో 6.4 శాతాన్ని మాత్రమే కంటైనర్ చదువుతోందని కొలిచి చూపింది. ఇమేజ్ పొరలు కుదించిన టార్ ఫైళ్లు (అనేక ఫైళ్లను వరుసగా కట్టిన మూటలు) కావడంతో మధ్యలోని ఒక ఫైలు కావాలన్నా మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి. గూగుల్‌లో పుట్టిన స్టార్‌జీజెడ్ రూపం దీనికి చూపిన ఉపాయం చాలా సొగసైనది. జీజిప్ పద్ధతిలో కుదించిన ముక్కలను వరుసగా అతికిస్తే వచ్చేది కూడా చెల్లుబాటయ్యే జీజిప్ ఫైలే. కాబట్టి ప్రతి ఫైలునూ విడి ముక్కగా కుదించి, చివర ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక పెట్టారు. పాత సాధనాలు దాన్ని మామూలు ఇమేజ్‌గానే చదువుతాయి, కొత్తవి పట్టిక చూసి కావలసిన ముక్కనే అడుగుతాయి. సెర్న్ అయితే ఇమేజ్‌లను ముందే విప్పి తన ఫైల్‌సిస్టమ్‌లో ప్రచురించింది, అక్కడ కంటైనర్ మామూలు డైరెక్టరీ నుంచే లేస్తుంది.

ఇబ్బందుల గురించి కూడా అంతే నిష్కర్షగా చెప్పుకోవాలి. ఫైలును తెరవడానికి 30 సెకన్లు పట్టవచ్చని ఊహించి రాసిన ప్రోగ్రాములు చాలా తక్కువ. నెట్‌వర్క్ నెమ్మదిస్తే ప్రోగ్రాము ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ప్యాకేజీ మేనేజర్ అయితే ఎంత శాతం దిగిందో తెర మీద చూపిస్తుంది, ఫైల్‌సిస్టమ్‌కు ఆ మాట చెప్పే మార్గమే లేదు. విఫలమైతే చెప్పగలిగేది కూడా ఒక పొడి దోషసంఖ్య మాత్రమే. సర్వర్ అందలేదా, సంతకం సరిపోలేదా, డిస్కు నిండిందా అన్న తేడా ఇన్‌పుట్-అవుట్‌పుట్ లోపం అన్న ఒక్క మాటలో కలిసిపోతుంది. ప్యాకేజీ మేనేజర్ వైఫల్యం పని మొదలు కాకముందే బయటపడుతుంది, ఇక్కడ మాత్రం పది గంటలు నడిచిన గణన చివర్లో ఒక లైబ్రరీ కోసం తొలిసారి చేయిచాచినప్పుడు నెట్‌వర్క్ లేకపోతే ఆ పది గంటలూ వృథా కావచ్చు. కాష్ పరిమాణం తక్కువైతే, ఇంకా వాడుకలో ఉన్న ఫైళ్లనే తొలగించి మళ్లీ దించుకోవడంలో యంత్రం అలసిపోతుంది.

మరొకటి, వాడుకరి ఉద్దేశం లేకుండానే జరిగే డౌన్‌లోడ్. ఫైళ్ల పేర్లను జాబితా చేసే సాధనం క్యాటలాగ్‌లన్నిటినీ లాగుతుంది, లోపలి సమాచారాన్ని వెతికే సాధనమైతే భండారం మొత్తాన్నీ లాగడానికి ప్రయత్నిస్తుంది. అందుకే రాత్రిపూట నడిచే అప్‌డేట్‌డీబీ వంటి సూచీకరణ పనుల నుంచి ఈ మౌంట్‌ను మినహాయించడం నిర్వాహకులు మొదట చేయవలసిన పనుల్లో ఒకటి. అడిగినప్పుడే మౌంట్ చేసే ఆటో-ఎఫ్ఎస్‌తో అమర్చినప్పుడు, సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్ భండారాలన్నీ ఉండే సీవీఎంఎఫ్ఎస్ డైరెక్టరీని జాబితా చేస్తే ఖాళీగా కనిపించడం కొత్తవారిని కలవరపెడుతుంది. భండారం పూర్తి పేరుతో లోపలికి అడుగుపెట్టినప్పుడే అది మౌంట్ అవుతుంది, కాబట్టి ఖాళీగా ఉండడం లోపం కాదు.

ఫ్యూజ్ దారిలో ప్రతి అభ్యర్థనా కెర్నల్ నుంచి బయటి ప్రోగ్రాముకూ, అక్కడి నుంచి తిరిగి కెర్నల్‌కూ ప్రయాణించాలి. ఫైలు ఇప్పటికే కాష్‌లో ఉన్నప్పుడు కూడా ఈ ప్రయాణం దండగే. 2022లో వచ్చిన 5.19 కెర్నల్ ఈరోఫ్స్ ఫైల్‌సిస్టమ్‌కు కెర్నల్ కాష్ ద్వారా అవసరమైన భాగాలనే తెప్పించుకునే వీలు ఇచ్చింది. 2024లోని 6.9 కెర్నల్, కాష్‌లో ఉన్న ఫైలును ఫ్యూజ్ ప్రోగ్రాము ప్రమేయం లేకుండా నేరుగా చదివించే మార్గం తెరిచింది. 2025లోని 6.14 కెర్నల్‌లో, ఫైళ్ల మీద జరిగే పనులను బయటి ప్రోగ్రాములకు తెలియజేసే ఫ్యానోటిఫై మరో దారి చూపింది. మామూలు డిస్కు ఫైల్‌సిస్టమ్ మీదే ఖాళీ ఫైళ్లను పరిచి ఉంచి, ఎవరైనా చదవబోయే ముందు బయటి ప్రోగ్రాముకు కబురు చేసి, అది లోపలి సమాచారాన్ని నింపాక చదవనివ్వడం. ఒకసారి నిండిన భాగానికి ఇక మధ్యవర్తి అవసరం లేదు. భవిష్యత్తు ఈ మూడో దారి వైపు ఉందని నా అంచనా.

మన దేశంలో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ సీఎంఎస్ ప్రయోగానికి, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ ఆలిస్ ప్రయోగానికి టియర్-2 (రెండో అంచె) గ్రిడ్ కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములుగా ఉన్న, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ నోవా న్యూట్రినో ప్రయోగం సాఫ్ట్‌వేర్ కూడా సెర్న్‌వీఎం-ఎఫ్ఎస్ ద్వారానే అందుతుంది. భాగస్వామ్య సంస్థలోని విద్యార్థి తన యంత్రంలో క్లయింట్‌ను అమర్చి, భండారం పేరు, కాష్ పరిమితి రాసుకుంటే చాలు, ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు వాడే విడుదలే ఎదుట ఉంటుంది. ఒక విభాగంలో పది యంత్రాలు దాటితే మాత్రం ఒక స్క్విడ్ ప్రాక్సీ పెట్టుకోవడం మంచిది. అది వేగం కోసం మాత్రమే కాదు, నకలు సర్వర్ల మీద అనవసర భారం మోపకూడదన్న మర్యాద కూడా.

ఫ్యూజ్‌ను అనుమతించని, గణన యంత్రాలకు బయటి నెట్‌వర్క్ ఇవ్వని సూపర్‌కంప్యూటర్లు కూడా ఉన్నాయి. వాటి కోసం రెండు మార్గాలు ఉన్నాయి. భండారాన్ని ముందుగానే ఉమ్మడి డిస్కు మీది కాష్‌లోకి దించి ఉంచడం మొదటిది, పెద్ద భండారానికి ఇది ఖరీదైన మార్గం. రెండోదాని పేరు ష్రింక్‌ర్యాప్. నెట్‌వర్క్ ఉన్న యంత్రంలో జాబ్‌ను ఒకసారి నడిపి, అది ఏయే ఫైళ్లను తాకిందో క్లయింట్ చేతనే నమోదు చేయిస్తారు. ఆ జాబితాలోని ఫైళ్లను మాత్రమే భండారం నుంచి అవే దారులతో బయటికి తీసి, ఒక ఇమేజ్‌గా కట్టి సూపర్‌కంప్యూటర్‌కు పంపుతారు. జాబ్ వేరే దత్తాంశంతో నడిచి కొత్త లైబ్రరీని అడిగే అవకాశం ఉంటుంది కనుక, నమోదు చేసేటప్పుడు వీలైనన్ని రకాల జాబ్‌లను నడపడం, జాబితాలో కనిపించిన డైరెక్టరీలను ఫైళ్లుగా కాక మొత్తంగా చేర్చడం అవసరం.